ఫెండర్ బ్యాండ్‌మాస్టర్‌లో 6ఎల్6 తీసి ఈఎల్34 పెట్టొచ్చా?

రాయగడ గిటార్:
అన్నలందరికీ నమస్కారం. మా నాన్నగారు ఒకప్పుడు బరంపురంలో ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవారు, ఆయన కలకత్తాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఫెండర్ బ్యాండ్‌మాస్టర్ హెడ్ (స్పీకర్ విడిగా ఉండే గిటార్ ఆంప్లిఫయర్) ఇంట్లో ఉంది, ముందు పలక వెండి రంగులో ఉండే రకం. 117 వోల్టుల అమెరికా మోడల్, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంది. ఇప్పుడు దాన్ని చర్చిలో నేను వాడుతున్నాను. సాయంత్రం ప్రాక్టీసులో సౌండ్ నీరసంగా వస్తోంది, పవర్ ట్యూబులు పోయాయేమో అనుకుంటున్నాను. రెండూ 6ఎల్6జీసీ రకమే. ఇక్కడ మైకుసెట్టు దుకాణం మూసేస్తూ ఆ పెద్దాయన వాడని ఈఎల్34 రకం పవర్ ట్యూబులు రెండు నా చేతిలో పెట్టారు. ఎనిమిది పిన్నులే, సాకెట్లో చక్కగా కూర్చున్నాయి. స్విచ్ మాత్రం వేయలేదు. పెడితే మార్షల్ కంపెనీ ఆంప్‌ల సౌండ్ వస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. నాన్నగారి వస్తువు, కాలిపోతే మళ్ళీ నేను కొనలేను. పెట్టొచ్చా?

బరంపురం వాల్వ్:
స్విచ్ వేయకపోవడం చాలా మంచిదైంది తమ్ముడూ. సాకెట్లో కూర్చుంది కదా అని సరిపోయినట్టు కాదు. ముందు 1వ పిన్ను చూడు. ఈఎల్34లో అది సప్రెసర్ గ్రిడ్ (ట్యూబు లోపలి జాలీల్లో ఒకటి), 8వ పిన్నుకి అంటే కాథోడ్‌కి (ఎలక్ట్రాన్లు వదిలే భాగానికి) కలిపి ఉండాలి. 6ఎల్6జీసీకి ఆ పిన్నుతో పనే లేదు, అందుకని ఫెండర్ వాళ్ళు దాన్ని ఊరికే భాగాలు సోల్డర్ చేసుకునే ఆనింపుగా వాడుకున్నారు, 1.5కే (1500 ఓమ్‌ల) రెసిస్టర్ ఒకటి 1 నుంచి 5కి సోల్డర్ చేసి ఉంటుంది. అలాగే ఈఎల్34 పెడితే సప్రెసర్‌కి మైనస్ బయాస్ వోల్టేజీ (ట్యూబులో ఎంత కరెంటు పారాలో అదుపుచేసేది) తగులుతుంది.

దానికన్నా నాకు భయం హీటర్ దగ్గర, అంటే ట్యూబుని లోపలి నుంచి వేడిచేసే తీగ దగ్గర. 6ఎల్6జీసీ ఒక్కోటి 0.9 ఆంపియర్ తాగితే ఈఎల్34 1.5 తాగుతుంది. జత మీద 1.8 కాస్తా 3 ఆంపియర్లు అవుతుంది, ఆ అదనపు 1.2 మోయడానికి నీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలేదు. వేడెక్కి వేడెక్కి ఒకరోజు వైండింగ్ పోతుంది, అది పోతే నాన్నగారి ఆంప్‌లో అసలు వస్తువు పోయినట్టే.

ఇక బయాస్. 6ఎల్6కి పెట్టిన మైనస్ వోల్టేజీ ఈఎల్34కి మరీ ఎక్కువ, ట్యూబు చల్లగా నడిచి సౌండ్ గరగరలాడుతుంది తప్ప మార్షల్ రాదు. 1968 తర్వాతి వెండి పలక ఫెండర్లలో చాలావాటికి బయాస్ పాట్ (తిప్పి సరిచేసే మీట) ఉన్నా అది రెండు ట్యూబుల మధ్య బ్యాలెన్స్‌కి మాత్రమే, మొత్తంగా పెంచడానికీ తగ్గించడానికీ కాదు.

జయపురం లీడ్:
అన్న చెప్పినవన్నీ నిజమే, కానీ కుదరదని మాత్రం నేను అనను. నా ఫెండర్‌లో చేశాను. పవర్ ట్యూబుల హీటర్లకి విడిగా 6.3 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఆ రెసిస్టర్‌ని 1వ పిన్ను నుంచి తప్పించి, 1ని 8కి కలిపి, బయాస్ సర్క్యూట్ మార్చాను. కాథోడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ పెట్టుకుంటే మీటర్లో ఎన్ని మిల్లీవోల్టులో అన్ని మిల్లీఆంపియర్లు. ఈఎల్34 ప్లేటు తట్టుకునే హద్దు 25 వాట్లు, అందులో 70 శాతం 17.5, నా ప్లేటు వోల్టేజీ 450, భాగిస్తే దాదాపు 39 మిల్లీఆంపియర్లు, అంతకు మించనివ్వలేదు. మిడ్స్ (మధ్య స్థాయి స్వరాలు) ముందుకొచ్చి సోలోలో గిటార్ పాడినట్టే ఉంటుంది, ఆ సౌండ్ నాకు ప్రాణం. అయితే ఇది మొదటిసారి ఆంప్ విప్పేవాళ్ళు చేసే పని కాదు తమ్ముడూ. ప్లగ్ పీకేశాక కూడా కండెన్సర్లలో 400 వోల్టుల పైన నిలిచి ఉంటుంది.

ఇంకొకటి, నీ ఆంప్ వైరుకి ఎర్త్ ఉందా? పాత రెండు పిన్నుల వైరుతో ఒకసారి నేను తీగల మీద చెయ్యి ఉంచి పాడబోతే పెదవి మైకుకి తగిలి నోరంతా కొట్టేసింది, పళ్ళ దాకా జిల్లుమంది. చర్చిలో ఎవరెవరో మైకు పట్టుకుంటారు. ముందు ఎర్త్ వేయించు.

బరంపురం వాల్వ్:
సౌండ్ బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను, వద్దనేది ఆ ట్రాన్స్‌ఫార్మర్ కోసమే. తమ్ముడూ, సాయంత్రాలే నీరసం అన్నావు కదా, అక్కడ నాకు అనుమానం. ట్యూబుల్ని తప్పుపట్టే ముందు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి గోడ వోల్టేజీ, హీటర్ వోల్టేజీ కొలిపించు. నువ్వు చెయ్యి పెట్టకు, తెలిసిన మెకానిక్ దగ్గరుండాలి.

రాయగడ గిటార్:
టీవీలు బాగుచేసే అన్నని ఇంటికి పిలిచి కొలిపించాను. పొద్దున గోడ దగ్గర 228, హీటర్ 6.1. సాయంత్రం ఏడింటికి గోడ దగ్గర 195, స్టెప్‌డౌన్ నుంచి 98, హీటర్ 5.3! ట్యూబులకి సరిగ్గా వేడే అందడం లేదట. 1వ పిన్ను మీద రెసిస్టర్ మీరు చెప్పినట్టే ఉంది. వైరుకి ఎర్త్ లేదు, అదే రోజు మూడు పిన్నులది వేయించాను. మైకుసెట్టు పెద్దాయన దగ్గర స్టెబిలైజర్ ఒకటి ఉంటే తెచ్చి పెట్టాం, నిన్న సాయంత్రం అవే పాత 6ఎల్6లతో చర్చి వెనక బెంచీ దాకా వినిపించింది. ఈఎల్34లు పెట్టెలోనే ఉన్నాయి. జయపురం అన్నా, మీకు కావాలంటే ఆ పెద్దాయనని అడిగి పంపిస్తాను.