ఇంటి రక్షణకు తుపాకీ: మా ఇంటికి పిస్టల్ తగినదా, షాట్‌గన్ తగినదా?

ఫ్రిస్కో వాసి:

అందరికీ నమస్కారం. మేము డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో, రెండంతస్తుల సొంత ఇంట్లో ఉంటున్నాము. పోయిన నెలలో మాకు రెండు వీధుల అవతల ఉన్న ఒక తెలుగువారి ఇంట్లో, వాళ్ళు పెళ్ళికి వెళ్ళిన సమయం చూసి, పట్టపగలే వెనుక తలుపు తన్ని లోపలికి వచ్చిన దొంగలు బంగారమంతా ఊడ్చుకుపోయారు. ఆ రోజు నుంచి మా ఆవిడకు రాత్రులు నిద్ర సరిగా పట్టడం లేదు. నాకూ పట్టడం లేదన్నది ఆమెకు ఇంకా చెప్పలేదు.

మా ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చి ఏడాది దాటింది కాబట్టి, ఇంట్లో ఒక తుపాకీ ఉంచుకోవాలన్న ఆలోచనకు వచ్చాము. మా పడకగది కింద ఉంది, పధ్నాలుగేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి మేడమీద వేర్వేరు గదుల్లో పడుకుంటారు. హెచ్1బీ మీద ఉన్న మా తమ్ముడు కూడా మాతోనే ఉంటున్నాడు, జూన్‌లో మా అత్తమామలు ఆరు నెలల కోసం వస్తున్నారు. ఆఫీసులో ఒక మిత్రుడు, ఒక్క తూటాతో అనేక గుండ్లు వదిలే పొడవాటి తుపాకీ అయిన షాట్‌గన్ కొనమంటాడు, తూటా ఎక్కించడానికి దాని పంపు లాగిన చప్పుడుకే దొంగ పారిపోతాడని, గురి కూడా పెద్దగా అక్కరలేదని అతని వాదన. ఇంకొకరు ఏఆర్-15 రైఫిల్ అంటారు, మూడోవారు పిస్టల్ అంటారు. ఈ ఇంటికి, ఈ కుటుంబానికి ఏది తగినదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ప్లేనో పెద్దాయన:

మీరు ఇంటి అమరికను, అందులో ఉండేవారిని ముందే వివరించారు కాబట్టి సూటిగా చెప్పగలుగుతున్నాను. నేను పదకొండేళ్ళుగా రేంజికి, అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి, వెళ్తున్నాను, కొత్తవారికి నేర్పిస్తుంటాను కూడా. మీ ఇంటికి 9 ఎంఎం (తూటా వ్యాసం) పిస్టలే తగినదని నా అభిప్రాయం, అయితే దానికి కారణం పిస్టల్ శక్తిమంతమైనదని కాదు, మీ పిల్లలు మేడమీద పడుకుంటారని.

రాత్రి రెండు గంటలకు కింద అద్దం పగిలిన చప్పుడు వింటే మీరు మొదట చేసేది దొంగను వెదకడం కాదు, మెట్లెక్కి పిల్లల దగ్గరకు చేరడం. ఒక చేత్తో తలుపు తీయాలి, ఫోను పట్టుకోవాలి, నిద్రమత్తులో ఉన్న అబ్బాయిని రెక్క పట్టుకుని లేపాలి. షాట్‌గన్ గొట్టం చట్టప్రకారం 18 అంగుళాలకు తగ్గరాదు, భుజానికి ఆనించే వెనుక భాగంతో కలిపితే తుపాకీ మూడడుగులు దాటుతుంది, దానికి రెండు చేతులూ కావాలి. మెట్ల మలుపులో అది మీకంటే ముందే కనబడుతుంది. ఒక గదిలో తలుపు మూసుకుని పోలీసుల కోసం ఎదురుచూసే ఇంట్లో షాట్‌గన్‌కు సాటి లేదు, మీది అటువంటి ఇల్లు కాదు.

గురి అక్కరలేదన్న మాట పూర్తిగా తప్పు. 12 గేజ్ (గొట్టం కొలత) తుపాకీలో వాడే డబుల్ ఆట్ అనే పెద్ద గుండ్ల రకం బక్‌షాట్ తూటాలో దాదాపు 8.4 మిల్లీమీటర్ల గుండ్లు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి, ఒక గది పొడవు దూరంలో అవి చెల్లాచెదురు కావు, కొన్ని అంగుళాల వెడల్పులోనే వెళ్ళి తగులుతాయి. గురి తప్పితే గుండ్లన్నీ తప్పుతాయి. పైగా 12 గేజ్ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. చప్పుడుకే పారిపోయే దొంగ ఉండవచ్చు, కానీ మీరు ఎక్కడ నిలబడ్డారో, మీ దగ్గర ఏముందో కూడా ఆ చప్పుడే అతనికి చెబుతుంది.

ఇక్కడి గోడల గురించి మనవాళ్ళు చాలామంది ఆలోచించరు. మన ఊళ్ళో తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్య పెరిగిన మనం, ఇక్కడి లోపలి గోడలు కూడా గోడలేనని భ్రమపడతాము. అవి అరంగుళం మందమున్న జిప్సం షీట్‌రాక్ పలకలు రెండు, మధ్యన అక్కడక్కడ చెక్క నిలువులు, మిగతాదంతా ఖాళీ. 9 ఎంఎం తూటా అయినా, బక్‌షాట్ గుండు అయినా అటువంటి గోడలు రెండు మూడు దాటి పోగలవు. శరీరంలో విచ్చుకుని ఆగిపోవడానికి తయారైన, మొన గుల్లగా ఉండే హాలో పాయింట్ తూటా కూడా షీట్‌రాక్ పొడి ఆ గుల్లలో నిండితే విచ్చుకోకుండా మామూలు తూటాలాగే ముందుకు పోతుంది. ఏఆర్-15లో వాడే .223 రకం తేలిక తూటాలు గోడ తగిలాక తలకిందులై ముక్కలై త్వరగా బలం కోల్పోతాయని పరీక్షలు చేసినవారు చెబుతారు, అందులో నిజముంది, అయినా ఆ ముక్కలకు కూడా అవతలి గదిలో పడుకున్నవారిని గాయపరిచేంత బలం ఉంటుంది. అందుచేత మేడమీద హాలులో నిలబడి ఏ దిక్కున కాల్చితే తూటా ఎవరి మంచం వైపు పోతుందో పగటిపూట ఒకసారి నడిచి చూసుకోండి. చేతిలో ఏ తుపాకీ ఉన్నా ఈ పని తప్పదు.

పిస్టల్ ఎంపికలో చివరి మాట మీ ఆవిడదే కావాలి. మీరు ఊళ్ళో లేని రోజున దానిని పట్టుకోవలసింది ఆవిడే. గ్లాక్ 19 వంటి మధ్యరకం పిస్టల్ పదిహేను తూటాలు పట్టే నమ్మకమైన వస్తువే, కానీ తూటా ఎక్కించడానికి లాగే పై భాగాన్ని, అంటే దాని స్లైడ్‌ను వెనక్కి లాగడం కొందరికి కష్టం. అటువంటివారి కోసం తేలికగా లాగగలిగేలా చేసినది స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ. రివాల్వర్‌కు స్లైడ్ బాధ లేకపోయినా, చిన్న రివాల్వర్లలో అయిదు తూటాలే ఉంటాయి, ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, తేలికపాటిదైతే చేతిని బాగా తన్నుతుంది. అద్దెకు తుపాకులిచ్చే రేంజికి ఇద్దరూ వెళ్ళి, నాలుగైదు రకాలు కాల్చి చూడకుండా దుకాణం గడప తొక్కకండి.

దీపం గురించి ఒక్క మాట. పిస్టల్‌కు బిగించే లైటు ఎంత మంచిదైనా, చేతిలో పట్టుకునే టార్చి ఒకటి వేరుగా ఉండాలి. జూన్‌లో మీ అత్తగారు జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున మూడింటికి కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లో తడుముకుంటూ ఉంటారు, ఎవరో చూడటానికి ఆమె మీద వెయ్యవలసింది టార్చి వెలుగు, తుపాకీ గొట్టం కాదు.

ఇర్వింగ్ నుంచి ఒక మిత్రుడు:

పై సలహాకు నేను కలపవలసింది చట్టం. మీరిద్దరూ శాశ్వత నివాసులు కాబట్టి దుకాణంలో తుపాకీ కొనేవారు నింపే 4473 అనే ఫెడరల్ ఫారం నింపి, నేపథ్య పరిశీలన పూర్తయ్యాక కొనుక్కోవచ్చు, టెక్సస్‌లో కొనడానికి వేరే లైసెన్సు అవసరం లేదు. మీ తమ్ముడి పరిస్థితి వేరు. నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ప్రవేశించినవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 మాత్రమే కాదు, విజిటర్ వీసా మీద వచ్చే మీ అత్తమామలు కూడా ఆ కోవలోకే వస్తారు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ ఆ లైసెన్సు గడువు తీరిన రోజునే మినహాయింపూ పోతుంది. 2022లో చట్టాన్ని సవరించాక ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ళు, దాని మీద దేశం నుంచి పంపివేసే ప్రమాదం అదనం.

కాబట్టి తుపాకీ దాచే సేఫ్ (తాళం పెట్టె) తాళం సంఖ్య మీ తమ్ముడికి తెలియకూడదు, తుపాకీ అతనికి అందుబాటులో ఉందన్న మాట రాకూడదు. ఊరి నుంచి వచ్చిన మామగారిని సరదాగా రేంజికి తీసుకువెళ్ళి, చేతిలో తుపాకీ పెట్టి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారిని నేను చూశాను. అది తమ నేరానికి తామే సాక్ష్యం పంచుకోవడం. ఎవరికోసమో మీ పేరుమీద కొనడం కూడా నేరమే, ఎంత దగ్గర బంధువైనా ఒప్పుకోకండి.

పిల్లల విషయంలో టెక్సస్ చట్టం కూడా తెలుసుకోండి. పదిహేడేళ్ళలోపువారికి అందేలా, పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేస్తే అది నేరం. ఆ పిల్లవాడు దానిని పేల్చి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా ఏడాది వరకు జైలు.

హ్యూస్టన్ అమ్మ:

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, క్షమించండి. మీ ఇరుగువారి ఇంట్లో దొంగతనం జరిగినది పగలు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. మీరు కొనబోయే తుపాకీ ఆ సమయంలో పెట్టెలో ఉండేది, దొంగలు బంగారంతో పాటు దానినీ ఎత్తుకుపోయేవారు. అమెరికా న్యాయశాఖ గణాంకాల ప్రకారం 2003 నుంచి 2007 వరకు జరిగిన ఇళ్ళ దొంగతనాల్లో ఇంటివారు లోపల ఉండగా జరిగినవి 28 శాతం, ఎవరిమీదనైనా దౌర్జన్యం జరిగినవి మొత్తం మీద 7 శాతం. ఆ ఏడు శాతంలో మనం ఉండమని ఎవరూ హామీ ఇవ్వలేరు, నాకూ తెలుసు. అయితే ఈ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకునే మనవాళ్ళు, మార్కుల బెంగలో మునిగే మన పిల్లలు ఉన్న ఇళ్ళలో ఈ లెక్కను కూడా ఎదుట పెట్టుకోవాలి. మీ అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. పిల్లలకు తెలియని తాళం సంఖ్య మా ఇంట్లో అయితే ఒక్కటీ లేదు.

దొంగలు మన ఇళ్ళను వెదుక్కుంటూ వచ్చేది బంగారం కోసం. దానిని బ్యాంకు లాకరుకు తరలించండి, మామూలు ఇంటి బీమా నగల దొంగతనానికి తరచుగా 1,500 డాలర్లకు మించి ఇవ్వదు కాబట్టి నగలకు విడిగా బీమా చేయించండి. తలుపు గొళ్ళెం పడే ఇనుప పలకకు బిల్డర్ బిగించిన చిన్న మరలు తీసి, చౌకట్టు దాటి నిలువు దుంగలోకి దిగే మూడంగుళాల మరలు బిగించండి. పది డాలర్ల పని, ఒక తన్నుకు ఊడే తలుపు ఆ తరువాత అంత సులువుగా ఊడదు.

ఫ్రిస్కో వాసి:

అందరికీ కృతజ్ఞతలు. హ్యూస్టన్ అమ్మగారి మాట చదివిన శనివారమే మూడు తలుపులకూ మరలు మార్చాను, బంగారం లాకరుకు వెళ్ళింది. మా ఆవిడకు ఆ రాత్రి నుంచి కొంత నిద్ర పడుతోంది. రేంజికి కూడా ఇద్దరమూ వెళ్ళాము. గ్లాక్ స్లైడ్‌ను ఆమె లాగలేకపోయింది, షీల్డ్ ఈజీని తొలిసారే లాగింది. ఏడు గజాల దూరంలో నాకంటే ఆమె గురే నయం. కొనాలన్న నిర్ణయం మార్చుకోలేదు, కానీ ఇద్దరమూ తుపాకీ శిక్షణ తరగతి పూర్తిచేశాకనే కొంటాము. వేలిముద్రతో తెరుచుకునే సేఫ్ తీసుకోవచ్చునా? మామగారు రాత్రి వినికిడి యంత్రం తీసి పడుకుంటారు, ఆయన విషయంలో ఏ జాగ్రత్త తీసుకోవాలి?

ప్లేనో పెద్దాయన:

వేలిముద్రల సేఫ్ వద్దు. 2023 అక్టోబరులో ఒక కంపెనీ అటువంటి పెట్టెలను దాదాపు 61,000 వెనక్కి పిలిపించవలసి వచ్చింది, నమోదు చేయని వేలిముద్రకు కూడా అవి తెరుచుకున్నాయి. బ్యాటరీ అవసరం లేని, మీటలు నొక్కి తెరిచే యాంత్రిక తాళం ఉన్న పెట్టె తీసుకుని, మీ మంచం పక్కన గోడ దుంగకు బోల్టులతో బిగించండి. సంఖ్య పుట్టినరోజు కాకూడదు, పిల్లలు మొదట నొక్కేది అదే. నెలకొకసారి దీపాలార్పి, తుపాకీ లేకుండా, చీకట్లో తెరవడం ఇద్దరూ సాధన చేయండి.

మా ఇంట్లో ఉన్న పద్ధతి చెబుతాను. రాత్రి చప్పుడైతే గది గుమ్మం దాటకముందే "ఎవరది?" అని తెలుగులో గట్టిగా అడుగుతాము, ఇంటివారు ఎవరైనా తెలుగులో జవాబివ్వాలి. మీ మామగారికి ఆ పిలుపు వినబడదు కాబట్టి, ఆయన గది నుంచి స్నానాలగదికి, వంటింటికి వెళ్ళే దారి పొడవునా మనిషి కదలగానే వెలిగే చిన్న దీపాలు పెట్టండి, ఆయన వచ్చిన తొలి రెండు వారాలు రాత్రి ఆ దారిలో అలికిడైతే ముందు ఆయనేననుకుని లేవండి.