చించినాడ వంతెన దాటితే ముల్లు పైకి: పాత ఓమ్నీ హీట్ సమస్య

మలికిపురం నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారమండి. నాది 2006 మోడల్ ఓమ్నీ, పెట్రోలు. క్యాటరింగ్ సామాను తిప్పుతాను. నెల నుంచి హీటెక్కుతోంది. ఊళ్లో సందుల్లో తిరిగినంతసేపూ టెంపరేచర్ మీటరు ముల్లు సగంలోనే ఉంటుంది. వంతెన దాటి పాలకొల్లు రోడ్డులో 60 మీద పది నిమిషాలు పోయేసరికి ఎర్రగీత దగ్గరికొచ్చేస్తుంది. ఇంజను సీటు కిందే కదా, కూర్చున్నచోటే తెలిసిపోతుంది. ఒకాయన ఫ్యాన్ మోటారు మార్చారు, తగ్గలేదు. ఇంకొకాయన థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వదలని వాల్వు) పీకేసి "మన ఎండలకి ఇదెందుకండీ" అన్నారు. ఇప్పుడు మూడో ఆయన హెడ్డు విప్పాలంటున్నారు. వారానికి లీటరు నీళ్లు తాగుతోంది, బండి నిలిపినచోట చుక్క కనపడదు. వచ్చే వారం పెళ్లి ఆర్డరుంది, టెన్షన్‌గా ఉంది.

భీమవరం నుంచి:
నా బండికీ థర్మోస్టాట్ తీయించేశాను అన్నా, రెండేళ్లయింది, ఏమీ కాలేదు. హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద నీళ్లు, గ్యాసు బయటికి పోకుండా ఉండే పట్టీ) పోయుంటుంది, నీళ్లు తాగుతోందంటే అదే.

తణుకు నుంచి:
తమ్ముడూ, హెడ్డు జోలికి ఇప్పుడే వెళ్లకు. ఎంత హీటెక్కిందని కాదు, ఎప్పుడు ఎక్కుతోందని చూడాలి. నిలబడినప్పుడు ఎక్కి, పరుగెడితే తగ్గితే ఫ్యాన్, దాని స్విచ్, రిలే, ఫ్యూజు చూడాలి. నీది తిరగబడి ఉంది. 60లో ఎదురుగాలే చాలు, ఫ్యాన్‌తో పని లేదు. అంటే మోటారు డబ్బులు వృథా. వేగంలో ఎక్కుతోందంటే రేడియేటర్ పూడుకుపోయిందా, వాటర్ పంపు రెక్కలు తుప్పు తిన్నాయా, కింది పైపు లోపలికి నొక్కుకుపోతోందా అన్నవే ముందు చూడాలి.

భీమవరం గారు చెప్పిన థర్మోస్టాట్ సంగతి: అది లేకపోతే ఇంజను చాలాసేపు చల్లగానే ఉండిపోతుంది. ఎంపీఐ బండి (కంప్యూటరు కొలిచి పెట్రోలు పోసేది) అంతసేపూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ చూసుకోండి ఒకసారి. కొత్తది కొన్నాక గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి అందులో వేలాడదీసి మరిగించండి. చాలావాటి మీద 82 అనో 88 అనో ఉంటుంది. నీళ్లు తెర్లకముందే నోరు తెరిస్తే మంచిదే.

ఇంతకీ ఇన్నేళ్లూ ఏ నీళ్లు పోశావు?

మలికిపురం నుంచి:
బోరునీళ్లేనండి. మా బోరు కాస్త ఉప్పన.

తణుకు నుంచి:
అదీ సంగతి. ఆ నీళ్లు స్నానం చేస్తే సబ్బు నురగ రాదు, బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంది. రేడియేటర్ సన్నగొట్టాల్లో అదే తెలుపు, తుప్పుతో కలిసి బురదవుతుంది. రేపు ఇలా చెయ్యి. బండి బాగా వేడెక్కాక ఆపి, తాళం తీసి, ఫ్యాన్ వైరు పీకేసి రేడియేటర్ మీద చెయ్యి దగ్గరగా పెట్టి తడుముతూ పో. వేడి పోయిపోయి మెల్లిగా తగ్గాలి. మధ్యలో ఒక్కసారిగా చల్లటి పట్టీ తగిలితే అక్కడ నీరు పారడం లేదన్నమాట. (కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ తేవద్దు, అది మనిషి జ్వరానికే.) వేడి మీద మూత మాత్రం తీయకు. అరగంటాగినా గుడ్డ వేసే తియ్యి.

హెడ్ అనుమానం తీరాలంటే తెల్లారగట్ల, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చెయ్యి. మొదట్లో నాలుగు బుడగలు వస్తే ఫర్వాలేదు. ఆగకుండా వస్తుంటే, ఆయిల్ మూత కింద మజ్జిగలా తెల్లటి తెట్టు ఉంటే, అప్పుడు విప్పుదాం.

కొత్తపేట నుంచి:
ఆ మూత కూడా చూడండి బాబాయ్ గారూ. 0.9 మూత (0.9 బార్ ఒత్తిడి దాకా ఆపేది) సరిగ్గా పట్టుకుంటే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు చిట్లితే 100కే మరిగి, రిజర్వు డబ్బా నిండి, పొంగి రోడ్డు మీద పోతాయి. బండి ఆపినచోట చుక్కుండదు మరి. చల్లారాక డబ్బాలో నీళ్లు వెనక్కి పోకుండా అక్కడే ఉన్నా మూతదే తప్పు.

ఇంకోటి, కార్తీకంలో రాత్రి చెరువుల గట్ల మీద తిరుగుతారుగా? దీపాలకి పచ్చదోమ కమ్ముకొచ్చి రేడియేటర్ మడతల్లో అట్టకట్టేస్తుంది. నాకు పోయినేడు బయట నుంచి చూస్తే బాగానే ఉంది, టార్చి వెనక పెడితే వెలుగే రాలేదు. ఇంజను వైపు నుంచి బయటికి, నెమ్మదిగా నీళ్లు కొట్టాలి. సర్వీసింగ్ పాయింటు గన్ దగ్గర పెడితే రెక్కలు వంగిపోతాయి.

మలికిపురం నుంచి:
చూశానండి. బుడగలు మూడు వచ్చి ఆగాయి, ఆయిల్ శుభ్రంగా ఉంది. రేడియేటర్ కింది మూడోవంతు చల్లగా తగిలింది! మూత రబ్బరు బిళ్ల రెండు చోట్ల పగిలింది. దోమ కూడా ఉంది, అరచేయంత పొర. ఇప్పుడు రేడియేటర్ మార్చాలా? మా ఊరి ప్లాంటు టిన్ను నీళ్లు పోయొచ్చా?

తణుకు నుంచి:
ఇత్తడిదైతే పాలకొల్లులోనో నరసాపురంలోనో రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి, ఊచ దూర్చి శుభ్రం చేస్తారు. అల్యూమినియందైతే ఆ పని కుదరదు, మార్చడమే. టిన్ను నీళ్లు బోరు కన్నా నయమే, కానీ తుప్పు పట్టకుండా చూసేది కూలెంట్. కూలెంట్ సగం, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పొయ్యి. పోసేటప్పుడు ముందు చక్రాలు గట్టు మీదికెక్కించు, రేడియేటర్ వైపు ఎత్తుగా ఉంటే గాలి బయటికొచ్చేస్తుంది. థర్మోస్టాట్ పెట్టించడం మరిచిపోకు.

మలికిపురం నుంచి:
ఇత్తడిదే. విప్పితే టీ డికాషన్ రంగు బురద, దోసెడు. కొత్త మూత, కొత్త థర్మోస్టాట్ పెట్టించాను. నిన్న నాలుగు డేగిశాలు, గ్యాసు బండలు ఎక్కించుకుని పాలకొల్లు వెళ్లొచ్చాను. ముల్లు సగం దాటలేదు. డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి పెట్టాను.

భీమవరం నుంచి:
మైలేజీ లెక్కేశాను. థర్మోస్టాట్ ఎంతవుతుందండి?

మలికిపురం నుంచి:
బిల్లు ఫొటో పెడతాను. ఇవాళ మూడో రోజు, నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.