సమస్య: నూటయొక్కటి గెలిచె నిన్నూఱు మీఁద

నిర్వాహకుడు:
ప్రాగ్‌లో జరిగిన ఒక ఓటింగు గురించి చదువుతుంటే ఈ వారం పాదం దానంతట అదే నోటికి వచ్చింది. దీన్ని చివరి పాదంగా నిలిపి తేటగీతి పద్యం పూరించాలి.

నూటయొక్కటి గెలిచె నిన్నూఱు మీఁద

వస్తువు చెక్ మాజీ ప్రధాని యాన్ ఫిషర్ జీవితం. నూటయొక్కటి అనగానే దుస్సలను కలుపుకొని కౌరవుల లెక్క చెప్పేవారు మనలో ఉన్నారు. ఈసారి హస్తినాపురం వద్దు, ప్రాగ్‌లోనే ఉండండి.

గౌతమి:
ప్రాగు నగరాన సభలోన ప్రభుత కూలె
తమదు పక్షపు నలుగురే తరుగు తీయ;
లెక్క సరిపోయె సగముపై నొక్కఁ డెక్క;
నూటయొక్కటి గెలిచె నిన్నూఱు మీఁద.

2009 మార్చి 24. దిగువ సభలో మొత్తం 200 సీట్లు. అవిశ్వాసం నెగ్గాలంటే 101 ఓట్లు కావాలి, సరిగ్గా 101 వచ్చాయి. మిరెక్ తొపొలానెక్ ప్రభుత్వం పడిపోయింది. అప్పుడు ఐరోపా సమాఖ్య అధ్యక్షత కూడా ఆ దేశం చేతిలోనే ఉంది. ఫిషర్‌కు తలుపు తెరిచింది ఆ ఒక్క ఓటే.

ఓరుగల్లు పంతులు:
‘సగముపై నొక్కఁ డెక్క’ దగ్గర ఆగిపోయాను. రాజ్యాంగంలోని అంకెను మూడు మాటల్లో చూపించారు. ధాన్యం తూకంలో వినబడే ‘తరుగు’ పార్లమెంటులో ఇంత బాగా ఇముడుతుందని అనుకోలేదు. పట్టింపు ఒక్కటే: ఆ నలుగురిలో ఇద్దరు అప్పటికే ప్రభుత్వ భాగస్వామి అయిన గ్రీన్ పార్టీకి దూరమైనవారు. వారిని ‘తమదు పక్షపు’ అనవచ్చునా?

గౌతమి:
ఆ పక్షం టికెట్టు మీద గెలిచినవారే కదా పంతులు గారూ. అనవచ్చు.

పినాకిని:
గణకుఁ డొక్కఁడు ప్రధానిగా గద్దె నెక్కె
జనము నడుగక, పార్టీల సంధిచేత;
ఎంచి చూడఁగ మూలమై యిదియె నిలిచె:
నూటయొక్కటి గెలిచె నిన్నూఱు మీఁద.

ఫిషర్ 1951లో ప్రాగ్‌లో పుట్టాడు. తండ్రి కూడా గణాంక శాస్త్రజ్ఞుడే, నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడిన యూదుడు. కొడుకు 2003 నుంచి చెక్ గణాంక కార్యాలయానికి అధిపతి. కొట్లాడుకునే పెద్ద పార్టీలు రెండూ ఏ పార్టీకీ చెందని ఈ మనిషి దగ్గర రాజీకి వచ్చాయి. ‘జనము నడుగక’ అన్నది నింద కాదు, జరిగిన విషయమే.

ఓరుగల్లు పంతులు:
మొదటి పాదంలో గణభంగం, అంటే గురులఘువుల వరుస తప్పింది. ఇంద్రగణం రావలసిన చోట ‘ప్రధానిగా’ ఎలా కుదిరింది? లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే ఇంద్రగణమే లేదు. ‘గణకుఁ డొక్కండు మంత్రియై గద్దె నెక్కె’ అంటే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరవలసిన జత) కూడా చెడదు. ఇక మూడో పాదం. ‘దీనికి మూలం ఇదే’ అని సమస్యను వెనుక తగిలించడం అతుకే అవుతుంది, పూరణ అనిపించుకోదు. చంద్రయానం సమస్యకూ పినాకిని గారు ఇదే తోక తగిలించారు.

పినాకిని:
‘డు’ తర్వాత ‘ప్ర’ ఉంది కాబట్టి ‘డు’ను గురువుగా చదువుకోండి. చంద్రయానం పూరణకు ఇక్కడే పదిమంది మెచ్చుకోలు వచ్చింది. అప్పుడు మీరు పంపిన పద్యంలో చంద్రుడి జాడే లేదు.

ఓరుగల్లు పంతులు:
‘డు’ గురువైనా ‘ప్రధానిగా’ మారదు కదా. నా పద్యంలో వెన్నెల ఉంది, వెన్నెల ఉన్నచోట చంద్రుడు ఉన్నట్టే. ఇంకొక మాట. ‘ఏ పార్టీకీ చెందని’ అన్నారు. ప్రధాని అయ్యేనాటికి అది నిజమే. కానీ 1980 నుంచి 1989 దాకా ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. జీవితం వస్తువైనప్పుడు దాన్ని వదిలిపెట్టకూడదు.

తుంగభద్ర:
ఇద్దరూ మార్చి నెల దగ్గరే ఉండిపోయారు. సెప్టెంబరుకు రండి.

ముందె యెన్నికలని సభ మొగ్గుచూప
ఒక్క సభ్యుఁడు వేసిన యొక్క యర్జి
కోర్టు మన్నించె, గడువింకఁ గొంత పెరిగె;
నూటయొక్కటి గెలిచె నిన్నూఱు మీఁద.

ఫిషర్‌ను పిలిచింది కొన్ని నెలల కోసమే. 2009 అక్టోబరులో ముందస్తు ఎన్నికలు పెట్టాలని సభ ప్రత్యేకంగా రాజ్యాంగ చట్టమే చేసింది. మిలోష్ మెల్చాక్ అనే సభ్యుడు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాడు. సెప్టెంబరులో కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఎన్నికలు 2010 మే నెలకు వెళ్లాయి, ఫిషర్ ఏడాదికి పైగా ప్రధానిగా ఉన్నాడు. నూటిలో ఒక్కటి అనదగిన అర్జీ ఇన్నూరు మంది సభను గెలిచింది.

గౌతమి:
ఇది పూరణ! నా పద్యంలో 101 ఒక అంకెగానే ఉండిపోయింది. మీరు దాన్ని విడగొట్టి ఒక మనిషిని నిలబెట్టారు. ఈ వారానికి నా ఓటు మీకే.

ఓరుగల్లు పంతులు:
భావం గొప్పది, కాదనను. కానీ నూటిలో ఒక్కటి అన్న అర్థం రావాలంటే ‘నూట నొక్కటి’ కావాలి. ‘నూటయొక్కటి’ అని ఉంటే 101 తప్ప వేరే అర్థం రాదు. ఇచ్చిన పాదాన్ని మార్చే హక్కు పూరించేవారికి లేదు.

పినాకిని:
పంతులు గారి వ్యాకరణం కోసం ఇంత మంచి విరుపును వదులుకోవాలా? తుంగభద్ర గారు చూపిన ఆ అదనపు నెలల్లో ఏం జరిగిందో చూడండి. ఐరోపా సమాఖ్య లిస్బన్ ఒప్పందంపై చెక్ అధ్యక్షుడు క్లౌస్ సంతకం 2009 నవంబరులో పడింది. 2010 ఏప్రిల్ 8న ఒబామా, మెద్వెదెవ్ అణ్వాయుధాల తగ్గింపు ఒప్పందంపై ప్రాగ్‌లోనే సంతకాలు చేశారు. ఆ అర్జీ నెగ్గకపోతే ఆ రోజు ఆతిథ్యం ఇచ్చే ప్రధాని మరొకరై ఉండేవారు.

తుంగభద్ర:
పంతులు గారూ, ‘నూట’ తర్వాత చిన్న విరామం ఇచ్చి చదివి చూడండి. చదివేవారి చెవికి అర్థం అందుతోంది. నాకు అది చాలు.

గౌతమి:
ఫిషర్ కథలో నన్ను బాగా కదిలించిన ఘట్టాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ప్రధాని పదవి తర్వాత ఆయన లండన్‌లోని ఐరోపా పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకుకు ఉపాధ్యక్షుడిగా వెళ్లాడు. తిరిగి వచ్చి 2013 జనవరిలో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఆ దేశంలో ప్రజలు నేరుగా ఓటు వేసిన తొలి అధ్యక్ష ఎన్నిక అది. చాలాకాలం సర్వేలన్నీ ఆయనే ముందున్నాడని చెప్పాయి. చివరికి వచ్చింది 16.35 శాతం, మూడో స్థానం. రెండో విడతకు చేరనే లేదు. అక్కడ ఎన్నికల ఫలితాలను కూడి ప్రకటించేది గణాంక కార్యాలయమే. ఏళ్ల తరబడి తాను నడిపిన కార్యాలయమే తన ఓటమిని లెక్కగట్టింది.

పినాకిని:
అదే ఏడాది రుస్నోక్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి కూడా అయ్యాడు. ఆ ప్రభుత్వానికి సభ విశ్వాసం దక్కలేదు. కానీ గౌతమి గారు చెప్పిన ఘట్టం ముందు అది ఆనదు.

నిర్వాహకుడు:
ఈ వారం బహుమతి తుంగభద్ర గారికి. పంతులు గారి అభ్యంతరం వ్యాకరణం ప్రకారం సరైనదే, అయినా మెల్చాక్‌ను తెచ్చిన ఊహ దాన్ని దాటి నిలిచింది. అతి చక్కని పాదం మాత్రం గౌతమి గారి ‘సగముపై నొక్కఁ డెక్క’. పినాకిని గారు మొదటి పాదాన్ని పంతులు గారు సూచించినట్టు దిద్ది మళ్లీ పెట్టాలి.

వచ్చే వారం పాదాన్ని గౌతమి గారి మాటల నుంచే తీసుకున్నాను:

ఓట్లు లెక్కించువాఁడోట్ల కోడిపోయె

యతి గురించి పంతులు గారు అడుగుతారని తెలుసు. ‘ఓట్లకు ఓడి’ అన్న సంధిలోని ఓకారానికే యతి.