ఎఫ్‌బీఐ వాళ్ళు నా వేలిముద్రలు తిప్పి పంపినారు, కర్నూల్లో సరిగ్గా తీసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మగ్గం_కర్నూలు:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, సి క్యాంపు దగ్గర. మా ఆయన ఉద్యోగం మీద 2018 నుంచి 2022 దాకా టెక్సాస్‌లో ఉన్నాం, నేను హెచ్4 మీద, అంటే ఆయన మీద ఆధారపడిన వీసా. ఆ తర్వాత ఇక్కడికే వచ్చేసినాం. ఇప్పుడు కెనడాలో శాశ్వతంగా ఉండే పీఆర్‌కు ఐటీఏ వచ్చింది, అంటే అప్లికేషన్ పెట్టుకోమని పిలుపు. పోయిన పదేళ్ళలో వరుసగా ఆరు నెలలకు తగ్గకుండా ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ సర్టిఫికెట్ పెట్టాల కదా. ఇండియాది పాస్‌పోర్ట్ ఆఫీసు ద్వారా అయిపోయింది. అమెరికాది ఎఫ్‌బీఐ ఇయ్యాల. మా ఆయనది మెయిల్‌లో వచ్చేసింది. నాది మాత్రం ముద్రల నాణ్యత చాలదని తిప్పి పంపినారు.

నేను ఇంట్లో మగ్గం వర్క్ చేస్తాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో పొద్దున కూర్చుంటే రాత్రి దాకా లేచేది లేదు. సూది పట్టుకొని పట్టుకొని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నున్నగా అయిపోయినాయి. ఎడమచెయ్యి గుడ్డ కింద ఉండి దారం అందిస్తుంది కదా, ఆ జరీ దారం జారే చోట చూపుడువేలికి ఏకంగా గాడి పడింది. రేషన్ షాపులో మిషన్ కూడా నా వేలు తీసుకోదు. మా అత్తకు డెబ్బై ఏళ్ళు, ఆమె పెడితే టక్కున పడుతుంది. డీలర్ నవ్వుతాడు.

ముద్రలకు మొదట ఒక స్టేషన్‌కు పోతే ఇది మా పని కాదన్నారు. బతిమాలితే ఒకాయన స్టాంప్ ప్యాడ్ తెచ్చి పది వేళ్ళూ అద్దించినాడు. ఊదారంగు. మా ఆయనవి హైదరాబాదులో తీయించుకున్నాడు, నాకు అప్పుడు పాపకు జ్వరమని పోవడానికి కాలేదు.

నాకు తెలియాల్సింది ఏమంటే, కెనడా వాళ్ళకు బయోమెట్రిక్స్ హైదరాబాదులో ఇస్తాం కదా, అవి పనికిరావా? అమెరికా వీసాకు ఇచ్చినవి వాళ్ళ దగ్గరే ఉంటాయి కదా, అవి చూసుకోకూడదా? ఇంకోటి, ఒక కన్సల్టెంట్ "చానెలర్" ద్వారా, అంటే ఎఫ్‌బీఐకి మన తరఫున పంపి తెప్పించే ప్రైవేటు కంపెనీ ద్వారా అయితే రెండు రోజుల్లో తెప్పిస్తానని ముప్పై వేలు అడుగుతున్నాడు. ఇయ్యొచ్చా? ఐటీఏ వచ్చినాక అప్లికేషన్ పెట్టడానికి ఇచ్చే అరవై రోజుల గడువులో సగం అయిపోయింది, నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు.

అనంత_టవర్‌క్లాక్:

అక్కా, ముందు ఆ ముప్పై వేలు లోపల పెట్టుకో. ఎఫ్‌బీఐ అనుమతి ఉన్న చానెలర్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు మాత్రమే చేస్తారు. హెచ్4 మీద ఉండి వచ్చినవాళ్ళకు ఆ దారి లేదు. వాడికి తెలియక అడిగినాడో తెలిసే అడిగినాడో నీకే వదిలేస్తున్నా. ఎఫ్‌బీఐకి నేరుగా కట్టే ఫీజు 18 డాలర్లు, అంతే.

కెనడా బయోమెట్రిక్స్ కెనడా వాళ్ళ కోసం. వాటిని ఎఫ్‌బీఐకి ఎవరూ పంపరు. అమెరికా వీసాకు ఇచ్చినవి ఉన్నా కుదరదు, ఈ సర్టిఫికెట్‌కు కొత్తగా తీసిన వేలిముద్రల కార్డే కావాలంటారు. నేను కూడా ఎం.ఎస్. చేసి తిరిగొచ్చినవాణ్ణే, ఇదే తిరుగుడు తిరిగినా. ఎఫ్‌బీఐ సైటులో ఆన్‌లైన్ అప్లికేషన్ పెట్టి డబ్బు కట్టి, ఆ కన్ఫర్మేషన్ కాగితం కార్డుతో కలిపి వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు పోస్టు చేస్తే రిజల్ట్ మెయిల్‌కే వస్తుంది. పేపర్ అప్లికేషన్ పెట్టినావంటే జవాబు కూడా పోస్టులోనే, దానికి ఎదురుచూస్తూ కూర్చోవాల.

ముద్రలు ఎట్లా తీయాల్నో మాత్రం నన్నడగొద్దు. ఇక్కడ కడప పెద్దాయన ఒకాయన ఉంటాడు, ఆయన రావాల.

ఆదోని_రాజు:

మేడం, నిమ్మచెక్కతో వేళ్ళు బాగా రుద్ది కడుక్కోండి, గీతలు పైకి లేస్తాయి. మా ఆధార్ సెంటర్‌లో అట్లే చేయించినారు.

ముద్రలసార్_కడప:

రాజూ, ఆ నిమ్మచెక్క పప్పులోకి పెట్టు నాయనా. పులుపుకు చర్మం ఇంకా ఎండిపోతుంది. గరుకు రాయితో రుద్దమనేవాళ్ళు, ఇటుకపొడి పెట్టమనేవాళ్ళు కూడా తగుల్తారు, ఎవరి మాటా వినొద్దు.

అమ్మాయీ, నీ వేళ్ళకు ఏం కాలేదు. స్టాంప్ ప్యాడ్ అని చదవంగానే నాకు సంగతి తెలిసిపోయింది. నేను పోలీసు శాఖలో వేలిముద్రల పనిలోనే తల నెరిసినవాణ్ణి. దొంగలవి తీసినా, శవాలవి తీసినా, గల్ఫ్ పోయేవాళ్ళవి తీసినా. బండల పాలిష్ పని చేసేవాళ్ళవి, సున్నం బట్టీలో చేసేవాళ్ళవి కూడా తీసినా. "నాకు ముద్రలే లేవు సార్" అని వచ్చినవాళ్ళలో నిజంగా లేనివాళ్ళు బహు తక్కువ. నీకు అరిగింది పైపొర. గీతల అచ్చు దాని అడుగున ఉంటుంది, తల్లి కడుపులో ఉన్నప్పుడే పడిన అచ్చు. పని ఆపితే మళ్ళా అదే గీత పైకి వస్తుంది. గాయం లోతుకు దిగి మచ్చ కట్టినచోట మాత్రం రాదు.

స్టాంప్ ప్యాడ్ సిరా నీళ్ళగా ఉంటుంది. పత్రం మీద నిశానీకి అది చాలు. మాకు మాత్రం గీత నల్లగా, గీతకూ గీతకూ మధ్య సందు తెల్లగా కనపడాల. ఆ నీళ్ళసిరా సందుల్లోకి దిగి అంతా ఒకటే మరక చేస్తుంది. కావల్సింది ప్రింటింగ్ ప్రెస్సులో వాడే నల్ల సిరా, ముద్దగా ట్యూబులో వస్తుంది. గాజుపలక మీద బఠానీ గింజంత పెట్టి, రబ్బరు రోలర్‌తో అటూ ఇటూ తిప్పి తిప్పి పల్చటి పొర చేయాల. అరిగిన వేళ్ళకు ఇంకా పల్చగా, ఇంకా తేలిగ్గా. అందరూ చేసేది దీనికి తలకిందులు. ముద్ర పడలేదంటే ఇంకాస్త సిరా, ఇంకాస్త నొక్కుడు. నొక్కేకొద్దీ ఉన్న గీతలు కూడా అణిగిపోతాయి.

రెండోది, వేలిని అద్ది తీయడం కాదు, దొర్లించాల. గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒకే విసురులో. బొటనవేళ్ళు ఒంటివైపుకు, మిగతా వేళ్ళు బయటివైపుకు. వెనక్కి దొర్లించినావంటే ముద్ర మీద ముద్ర పడి చెడిపోతుంది. అద్ది తీస్తే నడిమి సుడి పడుతుంది గానీ పక్కన గీతలు మూడు దిక్కులకు విడిపోయే చోటు ఉంటుందే, డెల్టా అంటాం, అది పడదు. పోల్చేవాడికి అది కూడా కావాల.

దొర్లించేటప్పుడు నువ్వు సాయం చేయొద్దు. చదువుకున్నవాళ్ళతోనే ఈ బాధ, మనం తిప్పేలోపల వాళ్ళే తిప్పేస్తారు. నేనైతే గోడ మీద క్యాలెండర్ చూపించి ఈరోజు తిథి ఏందో చదవమంటా. ఆ ధ్యాసలో చెయ్యి వదులవుతుంది. తీసే ముందు వేలిని మొదలు నుంచి కొసకు ఒత్తుకుంటూ వస్తే రక్తం కొసకు చేరి గీతలు కొంచెం లేస్తాయి, నీలాంటి వేళ్ళకు అది బాగా పనిచేస్తుంది.

కార్డులో పై వరస కుడిచేతి అయిదు, రెండో వరస ఎడమచేతి అయిదు, ఇవి దొర్లించేవి. అన్నిటికన్నా కింద నాలుగు వేళ్ళు కలిపి ఒకేసారి అద్దేవి, నడుమ బొటనవేళ్ళు. కింద వరసలో ఎడమచేతి నాలుగు వేళ్ళు ముందు వస్తాయి. మనవాళ్ళు పైన కుడితో మొదలుపెట్టిన ఊపులో కింద కూడా కుడే వేస్తారు. కింది వరస పెట్టిందే పైన ఏ వేలి గడిలో ఆ వేలే పడిందా అని సరిచూసుకోవడానికి. అవి పొసగకపోతే ముద్ర ఎంత బాగున్నా కార్డు వాపసే.

ఎఫ్‌బీఐ అంటే మనవాళ్ళకు అదేదో ఆకాశం నుంచి దిగినట్టు. వాళ్ళ వేలిముద్రల విభాగం పెట్టింది 1924లో. మన కలకత్తాలో బ్యూరో పెట్టింది 1897లో. ముద్రలను వర్గాలుగా విడగొట్టే లెక్క వెనక కష్టపడింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఎస్సైలు, పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. ఆ లెక్కనే అమెరికా వాళ్ళు కూడా ఏండ్ల తరబడి వాడుకున్నారు. సరే, అది నా కడుపుమంట, నీకెందుకు.

నువ్వు చేయాల్సింది: ఈరోజు నుంచి మగ్గం ఆపు. అంట్లు తోమేటప్పుడు గ్లవుజులు వేసుకో, లేదంటే మీ ఆయనకు అప్పజెప్పు. రాత్రిపూట వేళ్ళకు కొబ్బరినూనో వాజిలినో పట్టించు. పది పదిహేను రోజులకు తేడా నీకే కనపడుతుంది. ముద్రలు తీసే రోజు మాత్రం నూనె చుక్క తగలకూడదు. గోరువెచ్చటి నీళ్ళతో సబ్బు పెట్టి కడిగి, పూర్తిగా తుడిచి, స్పిరిట్‌తో ఒకసారి తుడుచుకో. కర్నూలు ఎండకు మధ్యాహ్నం పోతే చెమటకే సిరా జారిపోతుంది, పొద్దున్నే పో.

పోవాల్సింది స్టేషన్‌కు కాదు, ఎస్పీ ఆఫీసుకు. జిల్లాకు ఒక ఫింగర్‌ప్రింట్ యూనిట్ ఉంటుంది. ఎస్పీ గారి పేరున అర్జీ, పాస్‌పోర్ట్ జిరాక్సు, ఎఫ్‌బీఐ వాళ్ళు తిప్పి పంపిన మెయిల్ ప్రింటు పెట్టుకొని పో. కార్డు కూడా నువ్వే తీసుకొనిపో, ఎఫ్‌డీ-1164 అనేది. మామూలు తెల్లకాగితం మీద ప్రింట్ తీసినా చెల్లుతుంది, కొంచెం మందం కాగితమైతే మేలు. ఒక్కటి కాదు, నాలుగైదు ప్రింట్లు తీసుకో. రెండు మూడు సెట్లు తీయించి అన్నీ కలిపి పంపించు. ఒకదాంట్లో చెడిన వేలు ఇంకోదాంట్లో బాగా పడుంటుంది.

మగ్గం_కర్నూలు:

సార్, మీకు శతకోటి దండాలు. చదువుతుంటే ఏడుపొచ్చింది, ఇన్నాళ్ళూ నా చేతులే పాడైపోయినాయి అనుకుంటాన్నా. రెండు సందేహాలు. ఎడమచేతి ఉంగరం వేలికి మొన్న సూది లోపలికి దిగి కట్టు కట్టినారు. ఆ గడి ఖాళీగా వదిలేసి "గాయం" అని రాయొచ్చా? ఇంకోటి గడువు. పదిహేను రోజులు ఆగితే కార్డు పోయి రిజల్ట్ వచ్చేసరికి అరవై రోజులు దాటిపోతాయేమో.

ముద్రలసార్_కడప:

ఖాళీ వదలొద్దు. వేలు లేనివాళ్ళకు లేదని రాస్తారు, అది వేరే. కట్టు కట్టిన వేలంటే మానేదాకా ఆగమంటారు. సూదిపోటు ఎంతలో మానుతుంది, నువ్వు ఎట్లాగూ పని ఆపుతాండావు కదా. పక్కు కట్టి ఉన్నప్పుడు పోవొద్దు, అది రాలినాకనే పో.

పేరు సంగతి కూడా చెప్తా. కార్డులో ఇంటిపేరు ముందు రాయాల, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఏముంటే అదే. మనవాళ్ళు ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం రాసి తర్వాత తలపట్టుకుంటారు. పుట్టినతేదీ అమెరికా పద్ధతిలో, నెల ముందు, తేదీ తర్వాత. తీసినాయన సంతకం, తేదీ అన్ని కార్డుల మీదా ఉండాల. ఇంటికొచ్చినాక గుర్తొస్తే మళ్ళా పోవాల్సి వస్తుంది.

అనంత_టవర్‌క్లాక్:

గడువు గురించి నేను చెప్తానక్కా. కొత్త ఆన్‌లైన్ అప్లికేషన్ పెట్టిన రసీదు, మొదటిది తిప్పి పంపిన మెయిల్, ఎస్పీ ఆఫీసు అర్జీ కాపీ, పోస్టు రసీదు, అన్నీ దాచిపెట్టుకో. సర్టిఫికెట్ చేతికి రాకముందే గడువు దగ్గరపడితే, కెనడా అప్లికేషన్‌లో ఆ సర్టిఫికెట్ పెట్టాల్సిన చోట ఇవన్నీ ఒకే పీడీఎఫ్ చేసి, ఏం జరిగిందో చెప్తూ ఒక ఉత్తరం కలిపి అప్‌లోడ్ చేసి సబ్మిట్ చేసేయ్. ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం ఆఫీసర్ ఇష్టమే, కానీ గడువు దాటించి కూర్చున్నావంటే ఐటీఏనే పోతుంది. సర్టిఫికెట్ వచ్చినాక కెనడా వాళ్ళ వెబ్‌ఫామ్‌లో పంపొచ్చు. ఇంకో ఊరట ఏమంటే, అమెరికా సర్టిఫికెట్ నువ్వు ఆ దేశం వదిలినాక తీసుకున్నదైతే చాలు. మళ్ళీ పోయి ఉండనంతవరకు అది పాతబడదు.

పోస్టు చేసేటప్పుడు కార్డులు మడతపెట్టొద్దు. ఎ4 కవర్‌లో ముందూ వెనకా అట్టముక్క పెట్టు. సిరా ఆరడానికి ఒక రాత్రి ఫ్యాన్ కింద ఉంచు, ఈ సిరా పైకి ఆరినట్టే ఉండి కార్డుకు కార్డు అంటుకుంటుంది, మధ్యలో తెల్లకాగితం వేసుకో. పంపే ముందు ఒక్కో కార్డునూ స్కాన్ తీసి పెట్టుకో.

మగ్గం_కర్నూలు:

సరే తమ్ముడూ. మగ్గం మీద పెళ్ళికూతురి బ్లౌజు సగంలో ఉంది, దాన్ని మా చెల్లెలికి ఇచ్చేసినా. సార్, ఇంకొక్క మాట, మీ దగ్గర తీయించుకోవాలంటే కడపకు రావచ్చా?

ముద్రలసార్_కడప:

రిటైరయినవాడి సంతకానికి విలువ లేదమ్మా, సంతకం యూనిట్‌లో ఉన్నాయనదే ఉండాల. ఎస్పీ ఆఫీసులో కార్డులు తీసినాక ఒక భూతద్దం అడిగి చూసుకో, గీతల మధ్య తెలుపు కనపడని వేలు ఏదైనా ఉంటే అక్కడే ఇంకో కార్డు మీద తీయమని అడుగు. మొహమాటపడొద్దు. మేం అడిగించుకోవడానికే ఉండేది.