సోటో మార్పిడిలో లాభం ఎవరిది? లెక్క కట్టే పద్ధతి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. బేస్‌బాల్ ఆటలు లేని ఈ చలికాలంలో మా బావగారికీ నాకూ మధ్య ఒక వాదన ఎంతకీ తెగడం లేదు. 2023 డిసెంబరులో శాన్ డియేగో పాడ్రెస్ జట్టు మేటి బ్యాటరు హువాన్ సోటోను, ట్రెంట్ గ్రిషమ్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చి, బదులుగా పిచర్లు (బంతి విసిరేవారు) మైకేల్ కింగ్, డ్రూ థార్ప్‌లతో సహా ఐదుగురిని తీసుకుంది. సోటో 2024లో 41 హోమ్ రన్‌లు కొట్టి యాంకీస్‌ను వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) దాకా చేర్చడంలో ముఖ్యపాత్ర వహించినా, ఆ సీజన్ ముగిశాక 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో న్యూయార్క్‌లోని మరో జట్టు మెట్స్‌లో చేరిపోయాడు. ఆ ఒక్క ఏడాదితోనే ఇచ్చిన ధర గిట్టిందని బావగారు అంటారు (యాంకీస్ ఏం చేసినా ఆయనకు గిట్టుబాటే).

నా సందేహం పాడ్రెస్ వైపు లెక్క గురించి. వారు థార్ప్‌ను అట్టే పెట్టుకోకుండా, 2024 మార్చిలోనే మరో ముగ్గురితో కలిపి వైట్ సాక్స్‌కు పంపి పిచర్ డిలన్ సీస్‌ను తెచ్చుకున్నారు. అతడు ఆ జూలైలోనే నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా దక్కని ఆట) సాధించాడు. అలాంటప్పుడు సీస్ విలువలో ఎంత భాగాన్ని సోటో మార్పిడి ఖాతాలో జమ చేయాలి? పైగా, ఒకే ఏడాది చేతిలో ఉండే మేటి బ్యాటరును, తక్కువ జీతానికి కొన్నేళ్లు దొరికే పిచర్లతో వార్ (WAR: సులభంగా దొరికే ప్రత్యామ్నాయ ఆటగాడి కంటే ఎన్ని గెలుపులు అదనంగా తెచ్చాడో చూపే కొలత) అంకెల ఆధారంగా పోల్చేటప్పుడు జీతాల తేడాను ఎలా సర్దుబాటు చేస్తారు? తెలిసినవారు దయచేసి కింగ్‌నే ఉదాహరణగా తీసుకుని వివరించగలరు.