ఈఎఫ్‌డీడీని ‘కూటమి’ అనవచ్చా?

ప్రశ్న: ఐరోపా పార్లమెంటు మీద వ్యాసం రాస్తున్నాను. బ్రిటన్ నాయకుడు నైజెల్ ఫరాజ్ నడిపిన ‘యూరప్ ఆఫ్ ఫ్రీడమ్ అండ్ డైరెక్ట్ డెమోక్రసీ’ (ఈఎఫ్‌డీడీ)ని ‘ఐరోపా సమాఖ్య వ్యతిరేక కూటమి’ అంటే సరిపోతుందా అండీ?

జవాబు: ‘సమాఖ్య వ్యతిరేక’ ఉంచండి, ‘కూటమి’ మాత్రం వద్దు. మనకు కూటమి అంటే ఎన్నికలకు ముందే సీట్లు పంచుకుని జనం ముందుకెళ్లిన పార్టీలు. 2009 మహాకూటమి అలాంటిది. ఈఎఫ్‌డీడీ 2014 మే ఎన్నికలు ముగిశాక పుట్టింది. బ్రిటన్‌లో ఫరాజ్ పార్టీ యూకిప్ 24 స్థానాలతో అందరికంటే ముందు నిలిచింది. ఇటలీలో 17 గెలిచిన ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్ తమ సభ్యుల ఆన్‌లైన్ ఓటు తీసుకుని ఈఎఫ్‌డీడీలో చేరింది. యూకిప్‌లా అది మితవాద పార్టీ కూడా కాదు.

మరెందుకు కలిశారు? పార్లమెంటులో పక్షంగా గుర్తింపు ఉంటేనే నిధులు, సభలో మాట్లాడే సమయం, కమిటీ పదవులు దక్కుతాయి. అప్పట్లో అందుకు 25 మంది సభ్యులు కావాల్సి ఉండేది, వాళ్లు కనీసం 7 దేశాలవాళ్లై ఉండాల్సి ఉండేది. వీళ్లకు సభ్యులు 48 మంది ఉన్నా దేశాలు సరిగ్గా ఏడే. 2014 అక్టోబరులో లాత్వియా సభ్యురాలు ఇవెతా గ్రిగులే బయటికెళ్లగానే మొత్తం రద్దయిపోయింది! కొద్దిరోజుల్లోనే పోలండ్ నుంచి ఒక సభ్యుడు చేరితే మళ్లీ నిలబడింది. ఒక్క మనిషి రాకపోకలతో కూలి లేచేదాన్ని కూటమి అంటే పాఠకుడు లేని ఐక్యతను ఊహించుకుంటాడు.

నా ఓటు ‘పార్లమెంటరీ పక్షం’కే. శాసనసభా పక్షం అన్న మాట మనకు ఎప్పటినుంచో అలవాటే.

ప్రశ్న: కానీ శాసనసభా పక్షం ఒకే పార్టీది కదండీ?

జవాబు: నిజమే. అందుకే మొదటిసారి ‘పలు పార్టీల పార్లమెంటరీ పక్షం’ అని రాసి, తర్వాత ‘పక్షం’ అంటే చాలు. దాని పతనం చెప్పడానికీ ఈ మాటే కుదురుతుంది. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడానికే ఓటేశాక యూకిప్‌కు పెద్ద లక్ష్యం మిగల్లేదు. 2017 జనవరిలో ఫైవ్ స్టార్ లిబరల్ పక్షంలోకి మారబోతే వాళ్లు ఒప్పుకోలేదు, వెనక్కి రావాల్సి వచ్చింది. 2018 డిసెంబరులో ఫరాజే యూకిప్‌ను వదిలేశాడు. 2019లో ఆయన బ్రెగ్జిట్ పార్టీ 29 స్థానాలు గెలిచి కూడా, కలిసొచ్చే దేశాలు చాలక, ఏ పక్షానికీ చెందని సభ్యులతో కూర్చుంది. ఓట్లు పెరిగాయి, పక్షం పోయింది.

‘కూటమి’ని ఇటలీ కోసం దాచుకోండి. బెర్లుస్కోనీ, సాల్వినీ, మెలోనీల పార్టీలు 2018లోనూ 2022లోనూ కలిసే పోటీ చేశాయి.