చికిత్స చేస్తున్న సైకాలజిస్టే కోర్టుకు నివేదిక ఇవ్వవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
తప్తపాని ఘాట్‌లో బస్సు బోల్తా పడినప్పటి నుంచి మా బావగారికి కంటి మీద కునుకు లేదు. విరిగిన కాలు అతుక్కున్నా, ఘాట్ మొదలయ్యే చోటు రాగానే ఆయన బస్సు ఆపించి దిగిపోతున్నారు. మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పరిహారానికి దరఖాస్తు చేశాము. బరంపురంలో ఆయనకు చికిత్స చేస్తున్న క్లినికల్ సైకాలజిస్టు గారు చికిత్స వివరాలు మాత్రమే రాసిస్తానని, ఈ స్థితికి ప్రమాదమే కారణమా అన్నది వేరొకరు తేల్చాలని అన్నారు. ఆయనను ఇంత దగ్గరగా చూసినావిడే ఎందుకు వెనకాడుతున్నారో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఫోరెన్సిక్ సైకాలజిస్టు, అంటే కోర్టుల కోసం మానసిక పరీక్ష చేసేవారు, రాయగడ):
ఆమె చేసినది సరైన పనేనండి. చికిత్స చేసేవారు రోగి మాటను నమ్మి పని మొదలుపెడతారు. కోర్టు కోసం పరీక్షించేవారు అదే మాటను ఆసుపత్రి కాగితాలతోనూ, ఇంట్లోవాళ్లు చెప్పినదానితోనూ, ప్రమాదానికి ముందు ఆయన ఎలా ఉండేవారన్నదానితోనూ సరిచూడాలి. తన రోగిని తానే శంకించవలసి వస్తే చికిత్స చెడుతుంది, శంకించకపోతే నివేదికకు విలువ ఉండదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన ఫోరెన్సిక్ మార్గదర్శకాలు కూడా ఈ రెండు పాత్రలను వీలైనంత వరకు కలపవద్దనే చెబుతాయి.

పరీక్షించేవారు ముందుగానే, “మీరు చెప్పేది రహస్యంగా ఉండదు, నివేదికలోకి వెళుతుంది” అని స్పష్టంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. “పీడకలలు వస్తున్నాయా?” అని లక్షణాన్ని నోటికి అందించకుండా, “రాత్రి పడుకున్నాక ఏమవుతుంది?” అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగాలి. 1980లో మానసిక రుగ్మతల అమెరికన్ అధికారిక వర్గీకరణలో చేరిన పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌ను (భయంకర ఘటన తర్వాత మనసును వదలని రుగ్మతను) నిర్ధారించాలంటే లక్షణాలు నెలకు మించి కొనసాగాలి. కొందరిలో అవి ఆరు నెలలు దాటాక గానీ పూర్తిగా బయటపడవు కనుక, ఆలస్యంగా చెప్పినంత మాత్రాన నటన అనడం బాధితుడికి చేసే అన్యాయమే. అలాగే, గెలిస్తే ఇంత అని ఫీజు మాట్లాడుకునేవారిని దయచేసి ఆశ్రయించకండి.

జవాబు (న్యాయవాది, గుణుపూర్):
నిపుణుల అభిప్రాయానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 39 ఆధారం. అయితే అది అభిప్రాయమే, తీర్పు కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడాలి. చికిత్స రికార్డు మాత్రం తప్పక దాఖలు చేయండి.

జవాబు (బరంపురం నుంచి):
పరీక్ష తెలుగులో జరిగేలా ముందే అడగండి. ఒడియా బజారు పనికి సరిపోయేంత వచ్చినవారు కూడా ఇటువంటి ప్రశ్నలకు అవును, కాదు అని ముగించేస్తారు. దుబాసీ అవసరమైతే ఇంటివారు కాక బయటివారు ఉండాలి. అక్కగారి ఎదుట ఆయన తన భయాన్ని పూర్తిగా చెప్పకపోవచ్చు.